తిన్నారేటి దీదీ

మొన్నామధ్య ఒక గృహప్రవేశానికి వెళ్తే, గేటు పక్కన కట్టిన ఫ్లెక్సీలో చివరి వరస హిందీలో ఇలా ఉంది: "మంచ్ సంచాలన్ - సుశ్రీ తిన్నారేటి జీ." అంటే ఆ రోజు యాంకరింగు నాది. ఫ్లెక్సీ వేయించిన ఆ ఇంటి అబ్బాయి భిలాయిలోనే పుట్టి పెరిగాడు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడడం అంతంతమాత్రం. తిన్నారేటి అన్నది నా ఇంటిపేరనుకున్నాడు. మనవాళ్ల ఇంటిపేర్లు కొన్ని అలాగే ముగుస్తాయి కదా ఆంటీ, అని పైగా నాకే చెప్పాడు. సరిదిద్దుదామని నోరు తెరిచి మళ్లీ మూసేశాను. స్టేజీ మీద చెప్పుకున్న మాట ఇంటిపేరయిందంటే, బ్రాండు పాఠాలు చెప్పేవాళ్ల లెక్కలో నాకు నూటికి నూరు రావాలి. కార్యక్రమం బాగా జరిగింది. భోజనం ప్యాక్ చేసి ఇచ్చారు.

ఆ మాట నాది కాదు. ఎవరిదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేనుండేది భిలాయి టౌన్‌షిప్పు సెక్టారులో, నాన్నకి స్టీలు ప్లాంటు ఇచ్చిన క్వార్టరులో. రిటైరయ్యాక ఆయన దాన్ని లీజుకు తీసుకున్నాడు. అమ్మా నాన్నా పోయాక నేనొక్కదాన్నే మిగిలాను. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్ల కోసం నా దగ్గర మూడు నాలుగు జవాబులున్నాయి, మనిషిని బట్టి ఒకటి తీసి ఇస్తుంటాను. ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారాలు మన తెలుగువాళ్ల ఫంక్షన్లకి యాంకరింగ్ చేసేదాన్ని. బారసాల, ఓణీల వేడుక, షష్టిపూర్తి, అన్నిటికన్నా ఎక్కువగా రిటైర్మెంటు పార్టీలు. ఈ ఊళ్లో నెల చివర వచ్చిందంటే ఏదో ఒక వీధిలో డోలు మోగుతుంది, మెడనిండా దండలతో ఒకాయన కొత్త సూట్‌కేసు పట్టుకుని ఇంటికొస్తాడు. బడి మూతపడ్డాక నాకు మైకే బతుకుతెరువయింది.

మా పెరటికీ పక్క క్వార్టరు పెరటికీ మధ్య నా భుజాల ఎత్తు గోడ ఉంది. ఆ గోడవతల వొదిన ఉండేది. వరసకి ఏమీ కాదు. ఆమె భర్త రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు, ఆయన్ని అన్నయ్యా అని పిలిచాను కాబట్టి ఆమె వొదినయింది. విజయనగరం దగ్గర పల్లె నుంచి పెళ్లిచేసుకుని వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్ద. ఇన్నేళ్లున్నా హిందీతో ఆమెకి పొసగలేదు. కూరగాయల బండివాడి దగ్గర మాత్రం తప్పేది కాదు. "భయ్యా, టమాటా కైసా దేతీ?" అని మీసాలున్న మనిషిని ఆడమనిషిని చేసి అడిగేది. వాడు అలవాటుపడి, నవ్వకుండా ధర చెప్పేవాడు.

రోజూ రెండు గంటలవేళ, గిన్నెలు కడగడం అయ్యాక, గోడ దగ్గరికొచ్చి ఒక్క కేక వేసేది.

"ఒలమ్మీ... తిన్నావేటి?"

ఆ 'మీ' దగ్గర గొంతు సాగేది. నేను వంటింట్లో ఉన్నా, ముందు గదిలో ఉన్నా వినపడేది.

"తినీసాను వొదినా."

"ఏటి తిన్నావు?"

అసలు ప్రశ్న అది. అక్కడే దొరికిపోయేదాన్ని. ఒక్కదానికోసం వండుకోవడం ఎంత బద్ధకమో ఒంటరిగా ఉన్నవాళ్లకి తెలుసు. బ్రెడ్డో, మరమరాలో, నిన్నటి అన్నంలో మజ్జిగో. "పప్పు," అనేదాన్ని. "ఏటి పప్పు?" అనేది. నేను ఒక్క క్షణం ఆగానా, అయిపోయినట్టే. ఉల్లిపాయల బెల్లం పులుసో, వంకాయ కూరో గోడ మీద గిన్నెలో ప్రత్యక్షమయ్యేది. "అబద్దాలాడ్డం కూడా సేతకాదు నీకు. బేగి తిను, సల్లారిపోతాది," అని తిడుతూ లోపలికి వెళ్లిపోయేది. అమ్మ పోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఆ కేకే. అప్పుడు ఆ మాట అనుకోలేదు. అలవాటుగా వింటున్నాననుకున్నాను.

యాంకరింగులో నాకు గడ్డుకాలం రావడం వేరే కథ. పక్క ఊరు దుర్గ్ నుంచి ఒక కుర్ర యాంకరు దిగాడు. హిందీలో షాయరీ చెప్పేవాడు, పిల్లల చేత గంతులు వేయించేవాడు. తెలుగిళ్ల ఫంక్షన్లకి కూడా అతన్నే పిలవడం మొదలుపెట్టారు. పిల్లలకి హిందీయే బాగా వచ్చు, ఏం చేస్తాం మేడమ్, అనేవారు. వాళ్ల తప్పు లేదు. నా మీద నాకే కోపం వచ్చింది. పవర్ హౌస్ బజారులో ఒక లాడ్జి హాల్లో 'పర్సనల్ బ్రాండింగ్' మీద ఒకరోజు శిక్షణ అని వాట్సాప్‌లో వస్తే, రోషంతో పేరు రాయించేశాను.

చెప్పడానికి రాయ్‌పూర్ నుంచి కోటు వేసుకున్న ఒకాయన వచ్చాడు. వినడానికి మేకప్పు చేసే అమ్మాయిలు, మెహందీ పెట్టేవాళ్లు, ఇన్సూరెన్సు ఏజెంట్లు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో బోల్టులు తయారుచేసే పెద్దమనిషి ఒకాయన కొడుకు పోరు పడలేక వచ్చి, "నా బోల్టే నా బ్రాండు" అని ప్రకటించి కునుకు తీశాడు. కోటాయన అందరికీ తెల్లకాగితాలు పంచాడు. ఒక రంగు రాయండి, ఒక మాట రాయండి, అన్నాడు. మిమ్మల్ని తలుచుకోగానే ఆ రంగు కనపడాలి, ఆ మాట వినపడాలి. ఒకసారి ఎంచుకున్నాక ఇక మార్చకూడదు, ఎక్కడికెళ్లినా అదే, ఎవరి ముందైనా అదే. నేను రంగు దగ్గర పసుపు అని రాశాను. మాట దగ్గర ఏమీ తోచలేదు. ఇన్నేళ్లు మైకు పట్టుకుని మాట్లాడిన మనిషికి తనదంటూ ఒక్క మాట లేకపోవడం సిగ్గనిపించింది. మాట దగ్గర ఖాళీగా ఉన్న ఆ కాగితమే మడిచి బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు రెండు గంటలకి గోడవతలనుంచి కేక వచ్చింది. నేను జవాబు చెప్పలేదు. బ్యాగులోంచి కాగితం తీసి రాసుకున్నాను. వొదిన రెండోసారి పిలిచింది.

ఆ నెలాఖరున ఒక రిటైర్మెంటు పార్టీలో పసుపు చీర కట్టుకుని స్టేజీ ఎక్కి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, నమస్కారానికి బదులు "ఒలమ్మీ... తిన్నారేటి?" అన్నాను. అచ్చం వొదిన గొంతు. 'మీ' దగ్గర ఆ సాగదీత కూడా. హాలు పగలబడి నవ్వింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ముప్ఫై నలభై ఏళ్ల కిందట వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. పిల్లలు అర్థం కాకపోయినా నవ్వారు. వొదిన మూడో వరసలో ఉంది. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆమే. పక్కావిడని మోచేత్తో పొడిచి, "అది నా మాటే. నాలాగే సేస్తంది సూడు," అని స్టేజీకి వినపడేలా చెప్పుకుంది. ఆ సంబరం చూసి, నేను అనుమతి అడగాల్సిన పని ఉందని నాకు తోచలేదు.

ఇక అక్కణ్నుంచి ఆగలేదు. చిన్న చిన్న వీడియోలు పెట్టాను. పసుపు గోడ ముందు నిలబడి, అదే కేకతో మొదలుపెట్టి, అదే కేకతో ముగించేదాన్ని. పిల్లలు 'తిన్నారేటి దీదీ' అని పేరు పెట్టారు. విజిటింగ్ కార్డు మీద అదే వేయించాను. దుర్గ్ కుర్రాడు ఒకరోజు ఫోన్ చేసి, మీ డైలాగు వాడుకోవచ్చా దీదీ అని అడిగితే, కుదరదని మర్యాదగా చెప్పాను. నా మాట అని కూడా అన్నాను.

బ్రాండు కట్టుకోవడం కన్నా నిలబెట్టుకోవడం పెద్ద చాకిరీ. మా నాన్న ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర, అంటే బొగ్గు కాల్చే కొలుముల దగ్గర, పనిచేసేవాడు. వాటిని ఒకసారి వేడెక్కించాక చల్లారనివ్వకూడదు, చల్లారితే లోపలి ఇటుక పగిలిపోతుంది, అందుకే పండగైనా పబ్బమైనా ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాలి అనేవాడు. నా పనీ అలాగే అయింది. మార్కెట్టుకు ఆకుపచ్చ చీరలో వెళ్తే ఎవరూ గుర్తుపట్టరు, పసుపులో వెళ్తే ఎవరూ వదలరు. బ్యాంకులో, ఆటోలో, డాక్టరు దగ్గర వరసలో నిలబడ్డప్పుడు కూడా "ఒక్కసారి అనండి దీదీ" అంటారు. అంటాను. వాళ్లు "తిన్నాం" అని అరుస్తారు, నవ్వుతారు, వెళ్లిపోతారు. ఏం తిన్నారని నేను ఎవర్నీ అడగలేదు. ఆ రెండో ప్రశ్న నా కార్డు మీద లేదు. నన్ను తిన్నావా అని కూడా ఎవరూ అడగలేదు.

రాయడానికి కష్టంగా ఉన్నది ఇక్కడ ఉంది. వొదిన కేక వేయడం ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. రోజూ వీడియోలో ఆ మాట నేనే అంటున్నాను కాబట్టి చెవులకి లోటు తెలియలేదేమో. ఒకసారి జలుబు చేసి రెండు రోజులు మంచం దిగలేదు. రెండో రోజు మధ్యాహ్నం పక్కింట్లో గిన్నెల చప్పుడు వినపడింది, ఆగిపోయింది. రెండయింది. ఎదురుచూశాను. తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది. ఎన్నాళ్లయింది ఆమె నన్ను పిలిచి, అని లెక్కపెట్టుకుంటే తేలలేదు. నెల దాటే ఉంటుంది. లేచి మరమరాలు తిని పడుకున్నాను. ఏడుపొచ్చింది. జలుబు వల్ల అనుకోవడానికి వీలుగా ఉంది.

కారణం అన్నయ్య చెప్పాడు. ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది, పార్టీకి నన్నే మైకు పట్టుకోమని అడగడానికి గోడ దగ్గరికొచ్చాడు. వొదిన ఈమధ్య పలకరించట్లేదేం అన్నయ్యా, అని అడిగాను.

"కోపం కాదమ్మా," అన్నాడు. "ఆ మజ్జిన ఒక పెళ్లిలో ఎవుల్దో కూతుర్ని, సిన్న గుంటని, అలవాటు కొద్దీ ఒలమ్మీ తిన్నావేటి అని అడిగిందంట. ఆ గుంట కిసుక్కున నవ్వీసి, ఆంటీ మీరు తిన్నారేటి దీదీ డైలాగు కొడతన్నారు, మల్లీ సెప్పండి వీడియో తీస్తాను, అందంట. సుట్టూ ఉన్నోలంతా నవ్వీసినారు. అప్పట్నుంచి ఎవుల్నీ అడగడం మానీసింది. ఆకరికి నన్ను కూడా ఏటీ అడగదు. కంచం పెట్టీసి ఊరుకుంటాది."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. 

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. వొదిన బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని, "వొదినా, ఆ మాట నీది. నువ్వు అనకపోతే ఎలా? నన్నైనా అడుగు," అన్నాను. అడగమని ఒక మనిషిని బతిమాలడం ఎంత చిన్నతనంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

వొదిన చేటలోంచి తలెత్తలేదు. "నీ మీద కోపమేటి నాకు? నీకు నాలుగు మెతుకులు పుడతన్నాయి, మంచిదే. ఆ మాట నానంటే ఇప్పుడు నీలాగ సేసినట్టుంటాదమ్మీ. నోటిదాకా వస్తాది, సిగ్గేసి ఆగిపోతాది," అంది.

"మన ఇద్దరి మధ్య సిగ్గేమిటి?"

"ఏటో మరి. ఆగిపోతాది," అంది. కాసేపటికి టీ పెట్టింది. లీజుకివ్వడం ఇప్పుడు లేదు, రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి, సొంతూళ్లో రెండు గదులు వేయించారు, సామాన్లు సర్దాలి అంటూ మాట మార్చింది. అంటే ఈ గోడవతల ఆమె ఇంకెన్నాళ్లో ఉండదు. వెళ్లేలోగా ఒక్కసారి ఆమె నన్ను ఆ మాట అడగాలి, అంతకు మించి నాకింకేమీ వద్దు అనిపించింది.

అన్నయ్య పార్టీ రోజున పసుపు కట్టుకోలేదు. అమ్మ చీరల్లోంచి నీలం చీర తీసి కట్టుకున్నాను. డైలాగు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మామూలుగా నమస్కారం చెప్పి, అన్నయ్య గురించి నాలుగు మాటలు మాట్లాడాను. హాలంతా ఏదో ఆగినట్టు ఎదురుచూసింది. వెనక వరసల్లోంచి మిల్లు వాళ్లు అందుకున్నారు: "దీదీ, డైలాగ్! డైలాగ్!" పిల్లలు కుర్చీలు చరిచారు. అన్నయ్య కూడా దండల మధ్యనుంచి నవ్వుతూ, అనీయమ్మా, అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన పండగ పాడుచేస్తున్నానా అనిపించింది. నిజం చెప్పాలంటే, ఇంకో భయం కూడా వేసింది. ఈ ఒక్కరోజు అనకపోతే రేపు నన్ను ఎవరు పిలుస్తారు?

అన్నాను. "ఒలమ్మీ... తిన్నారేటి?"

"తిన్నాం!" అంది హాలు.

ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న వొదిన కూడా అందరితోపాటు "తిన్నాం" అంది. పొద్దున్నుంచి ఆమె పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. చుట్టాలకి టిఫిన్లు, పూజ, ప్లాంటు నుంచి వచ్చినవాళ్లకి హారతి, అన్నీ నేను పక్కనే ఉండి చూశాను. ఆమె తినలేదని ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. ఏటి తిన్నావొదినా అని అడగాల్సింది నేను. అప్పటికే పాట పెట్టేశారు, నేను తర్వాతి పేరు పిలిచాను.

నెలన్నర తర్వాత దుర్గ్ స్టేషన్లో వాళ్లని రైలెక్కించాను. సామాను ముందే లారీలో వెళ్లిపోయింది. వొదిన చేతిలో ఆవకాయ సీసా, తులసి మొక్క ఉన్న డబ్బా. "ఒక్కటి మాత్రం హాయమ్మీ. ఈ హిందీ గోల తప్పుతాది నాకు. ఒక్క ముక్క కూడా మల్లీ నోట్లోంచి రానివ్వను," అంది. ఇద్దరం నవ్వాం. రైలు కదిలింది. కిటికీ ఊచల్లోంచి నా వైపు చూసి నోరు తెరిచింది. నేను పక్కన నడుస్తూ చెవి దగ్గరగా పెట్టాను. "జాగర్త," అంది.

పక్క క్వార్టరులోకి కొత్త జంట వచ్చారు. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి. వచ్చిన వారానికి పెరట్లో బట్టలు ఆరేస్తూ నన్ను చూసి గుర్తుపట్టి, "ఒలమ్మీ... తిన్నారేటి?" అని గోడవతలనుంచి కేకేసింది. బాగా చేసింది. సాగదీత కూడా కుదిరింది. రెండు గంటలవేళ.  "లేదమ్మా, ఇంకా..." అని మొదలుపెట్టేసరికి, కిలకిలా నవ్వి, "ఆప్ కా డైలాగ్!" అని లోపలికి వెళ్లిపోయింది. మంచి పిల్లే. ఆ పిల్లని తప్పుపట్టడానికి నాకు హక్కు లేదు.

వొదిన ఫోన్ చేస్తూ ఉంటుంది. పదిహేను రోజులకో నెలకో ఒకసారి. మొన్న గృహప్రవేశం మర్నాడు మధ్యాహ్నం చేసింది. వానలు లేవంది, అన్నయ్యకి అక్కడ పొద్దుపోవడం లేదంది, పాల ప్యాకెట్టు కోసం రెండు వీధులు నడవాలంది. ఫ్లెక్సీ మీద నా ఇంటిపేరు మారిపోయిన సంగతి చెప్తే పడీపడీ నవ్వింది. నవ్వు అయ్యాక మాటలు అయిపోయాయి. "సరే మరి, ఉంటాను," అంది.

"వొదినా," అన్నాను. "అడగవేటి?"

"ఏటి?"

"అదే."

అవతల ఆమె ఊపిరి వినపడింది. ఎవరో కోడిని అదిలిస్తున్నారు. తెలియనట్టు ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. సిగ్గుపడి ఆగిపోతుందనుకున్నాను. పెట్టేసినా నేను అనడానికి ఏమీ లేదు. ఆ మాటని ఊరంతా పంచిపెట్టింది నేనే.

"తుమ్ ఖానా ఖాయీ క్యా?" అంది వొదిన.

హిందీ మాట పలకాల్సిన పనే లేని పల్లెలో నిలబడి, గొంతు తగ్గించి, టమాటాల బండివాడితో మాట్లాడే ఆ హిందీలో, తిన్నావా అని. నా నోటికి అలవాటైన అబద్ధమే వచ్చింది. "ఖాయా వొదినా," అన్నాను.

"క్యా ఖాయీ?" అంది. ఏం తిన్నావన్న ఆ రెండో ప్రశ్న.

పొయ్యి ఇంకా వెలిగించలేదు. ముందురోజు గృహప్రవేశంలో ప్యాక్ చేసి ఇచ్చిన పులిహోర బల్ల మీద మూత కూడా తీయకుండా ఉంది. ఒక్క క్షణం ఆగాను.

"లేదొదినా. తినలేదు," అన్నాను.